మోటారును తప్పుపట్టే ముందు తలుపు మాట విను

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఆడియో రెండుసార్లు విన్నాను. గ్యారేజీ తలుపు పైకి వెళ్లేటప్పుడు గరగరమంటోంది, మధ్యలో ఒకచోట టక్కుమంటోంది. మోటారు పోయిందని తేల్చుకుని కొత్త ఓపెనర్ (తలుపుని తెరిచి మూసే మోటారు యంత్రం) కొనేస్తానంటున్నావు. కాస్త ఆగు. తలుపు బరువు మోసేది మోటారు కాదు, స్ప్రింగులు. మోటారు దాన్ని లాగడానికి, ఆపడానికి ఉంది, అంతే. ఒకప్పుడు నేనూ మోటారు మార్పించాను. మర్నాడు పొద్దున అదే చప్పుడు. చూస్తే అరిగిపోయిన రోలర్ ఒకటి, అంటే తలుపుని పట్టాల్లో నడిపే చిన్న చక్రం!

ముందు తలుపు పూర్తిగా మూసి ఉంచు. ఈ మాట మరవకు. తెరిచి ఉన్నప్పుడు మోటారు నుంచి విడదీస్తే, స్ప్రింగు తెగి ఉంటే తలుపు ఒక్కసారిగా కింద పడుతుంది. మూశాక ప్లగ్ తీసి, మోటారు నుంచి తలుపు దాకా పైన ఉండే పట్టాకి వేలాడే ఎర్ర పిడి తాడు లాగు. ఇప్పుడు తలుపు మోటారు నుంచి విడిపోయింది. రెండు చేతులతో నడుము ఎత్తు దాకా లేపి, పట్టు కొద్దిగా సడలించు. చేతులు పూర్తిగా తీసెయ్యకు. అక్కడే నిలబడితే స్ప్రింగులు బాగున్నట్టే. కిందికి జారుతున్నా, లేపడానికే బరువుగా ఉన్నా వాటి బలం తగ్గినట్టు. చేత్తో లేపినప్పుడు కూడా ఆ గరగర వస్తోందా? అయితే లోపం తలుపుదే, మోటారుది కాదు.

చప్పుడుకి ఎక్కువసార్లు కారణం ఎండిపోయిన రోలర్లు, మడతబందులు, వదులైన బోల్టులు. బోల్టులు బిగించు. సిలికాన్ స్ప్రే గానీ తెల్ల లిథియం గ్రీజు గానీ బందులకి, రోలర్ల బేరింగులకి కొంచెం పెట్టు. స్ప్రింగుల మీద దూరం నుంచి పలచగా కొట్టినా చాలు. రోలర్లు నడిచే పట్టాలకి మాత్రం గ్రీజు రాయకు, దుమ్ము పట్టి ఇంకా మొరాయిస్తాయి. పొడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

చేత్తో లేపితే నిశ్శబ్దంగా ఉండి, మోటారుతో మాత్రమే చప్పుడొస్తే అప్పుడు మోటారు తలుపుని లాగే చైను చూడు. చాలా మోడళ్లలో తలుపు మూసి ఉన్నప్పుడు మధ్యలో అర అంగుళం దాకా వేలాడడం మామూలే. నీ మోడల్ పుస్తకంలో ఎంత ఉందో చూసి అంతే బిగించు. ఎక్కువ బిగిస్తే పళ్ల చక్రం అరిగిపోతుంది. మోటారు తిరుగుతున్న శబ్దం వస్తూ చైను కదలకపోతే, ప్లగ్ తీసి మూత విప్పి చూడు. తెల్లటి ప్లాస్టిక్ పొడి రాలి ఉంటే లోపలి గేరు పళ్లు అరిగినట్టు. గేరు ఒక్కటీ మార్చుకోవచ్చు, ఓపెనర్ మొత్తం కొననక్కర్లేదు.

తలుపు కొంచెం దిగి మళ్లీ పైకి పోతోందని కూడా అన్నావు. నేల నుంచి 6 అంగుళాల లోపు రెండు వైపులా ఉండే, దారిలో అడ్డు ఉంటే పసిగట్టే సెన్సర్ల కళ్లు తుడిచి, ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడు. సాలెగూడు అడ్డుపడ్డా తలుపు అలాగే చేస్తుంది. విసుగొచ్చి వాటిని తీసెయ్యకు. పిల్లలు ఆ దారిలోనే ఆడుకుంటారు. మూసేటప్పుడు మొరాయిస్తోందని మోటారు బలం సెట్టింగు పెంచడం కూడా వద్దు, అసలు లోపం దాగిపోతుంది. నెలకోసారి ఒకటిన్నర అంగుళం మందమున్న చెక్కని నేల మీద పరిచి తలుపు మూసి చూడు. చెక్కని తాకగానే వెనక్కి పోవాలి. పోకపోతే సరిచేసేదాకా ఓపెనర్ వాడొద్దు.

ఇక స్ప్రింగుల జోలికి, వాటి కేబుళ్ల జోలికి, తలుపు కింది మూలల్లో ఉండే బిగింపుల జోలికి నువ్వు వెళ్లొద్దు, నాయనా. అవి ఎంత బలంగా బిగిసి ఉంటాయంటే, జారితే చెయ్యి విరిచేస్తాయి. వాటికి పనివాడినే పిలు. ఒక స్ప్రింగు తెగితే రెండోదీ కలిపి మార్పించు, రెండూ ఒకే వయసువి.

ఈ సాయంత్రం ఎర్ర తాడు లాగి చూసి నాకు ఫోన్ చెయ్యి. నడుము ఎత్తులో తలుపు నిలిచిందా, జారిందా చెబితే మిగతాది మాట్లాడుకుందాం.

నీ మామయ్య