పాత సాల్టియో సరాపే కొనే ముందు

చి. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

1830ల నాటి సాల్టియో సరాపే (మెక్సికోలో భుజాల మీద కప్పుకునే నేత దుప్పటి) అని ఆ శాన్ ఆంటోనియో వ్యాపారి పంపిన ఫొటోలు చూశాను. అన్నీ ముందువైపువే. వెనకవైపు, అంచులు, కుచ్చులు దగ్గరగా తీసి పంపమను. అవి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకు. మంచి పాత సరాపే పదుల వేల డాలర్లు పలుకుతుంది కాబట్టి నీ టెన్షన్ సబబే.

సాల్టియో ఉత్తర మెక్సికోలోని ఊరు. 1591లో మధ్య మెక్సికోలోని త్లష్కాలా నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి, నేతకు ఊరికి పేరొచ్చింది. అదే తీరులో వేరే ఊళ్లలోనూ నేశారు గనుక, ఆ పేరు చెప్పగానే అక్కడిదే అనుకోకు.

ముందు నడిమి కుట్టు వెతుకు. అప్పటి మగ్గాల పన్నా చిన్నది. రెండు ముక్కలు విడిగా నేసి నిలువునా కలిపి కుట్టేవారు. నడుమ ఉన్న వజ్రాకారంలో సగం ఒక ముక్కలో, సగం రెండో ముక్కలో ఉంటుంది. వేరువేరుగా నేసిన ఆ సగాలు కుట్టు దగ్గర గీతకు గీత కలిశాయా, చూడు. నాకు ఆ నేతగాళ్ల మీద గౌరవమంతా అక్కడే పుట్టింది. ఒకే పన్నాలో నేసినదైతే ఆ తేదీని అనుమానించు.

తర్వాత రంగు. ఎరుపు నాగజెముడు మీద బతికే కొచినీల్ పురుగుది, నీలం నీలిమందుది. మొదటి కృత్రిమ రంగు, ఊదా, 1856లో వచ్చింది. నేతలో అలాంటి రంగు ఉందంటే 1830ల మాట చెల్లదు. తొలినాటి కృత్రిమ రంగులు వెలుతురుకు త్వరగా వెలిసిపోయేవి. సూదిమొనతో పేకపోగులు కాస్త పక్కకు జరిపి చూడు. పైన పాలిపోయి లోపల గాఢంగా ఉంటే అనుమానించాలి. సహజ రంగులూ వెలుస్తాయి కాబట్టి, అంత డబ్బు పెట్టేటప్పుడు చిన్న పోగు ల్యాబ్‌కు పంపడమే మంచిది. అతినీల టార్చి కూడా పట్టుకెళ్లు. ఈమధ్య రఫూ చేసిన దారాలు కొన్ని దాని కింద మెరుస్తాయి.

చిమ్మట కొట్టిన కన్నాలకు భయపడకు. అంచులు కత్తిరించి కొత్త కుచ్చులు కట్టినదానికంటే కన్నాలున్న అసలుదే నయం. ఉతికించమని మాత్రం ఎవరికీ ఇవ్వకు, రంగు కారిందంటే తిరిగి రాదు.

అంత పెట్టలేకపోతే శాంటా మరియా దెల్ రియో రెబోజోలు చూడు. పట్టుతోనో నూలుతోనో నేసే శాలువాలవి. కొన్నింటికి పడుగును ముందే ముడులు కట్టి రంగులో ముంచుతారు. పోచంపల్లి ఇంటి పిల్లవి, నీకు ఆ పని వెంటనే అర్థమవుతుంది.

బిల్లు మీద కాలం, రంగులు రెండూ రాయించుకో. రాయనంటే 20వ శతాబ్దపు సరాపే ధరే ఇస్తానని చెప్పు.

మీ పెద్దమ్మ