ఆ ఒక్క పోస్టుకు మనిషిని ఎంచుకునే ముందు

అమ్మా,

మీ జువాలజీలో జంతు జీవావరణం, పరిణామం పోస్టు నింపుతున్నారని చెప్పావు. హెడ్‌గా నీకిదే మొదటి సెలక్షన్ కదా, టెన్షన్ నీ గొంతులోనే తెలిసింది.

యూజీసీ 2018 నిబంధనల్లో పరిశోధన పేపర్లకు, పీహెచ్‌డీకి, నెట్ అర్హత పరీక్షకు వేసే మార్కులు ఇంటర్వ్యూకు పిలవడానికే. ఎంపిక ఇంటర్వ్యూను బట్టే. ఈ మాట గట్టిగా పట్టుకో. నేను కూర్చున్న ఒక కమిటీలో పేపర్ల లెక్కకే మొగ్గాం. వచ్చినాయన మంచివాడే, కానీ పిల్లల్ని ఒక్కరోజూ ఫీల్డుకు తీసుకెళ్లలేదు. ఆ రోజు సరైన ప్రశ్న ఒక్కటి అడగలేకపోయానని ఇప్పటికీ బాధ.

మన కృష్ణజింక గురించి అడుగు. నారాయణపేట జిల్లాలో మక్తల్, కృష్ణా మండలాల వైపు మందలుగా చేలమీద పడుతున్నాయి. మొలక మేస్తే రైతు మళ్లీ విత్తనం పెట్టాలి. మగజింకకే మెలితిరిగిన పెద్ద కొమ్ములు, వయసుతో నల్లబడే ఒళ్లు ఎందుకు? అక్కడ పరిణామం ఉంది. అది దట్టమైన అడవిలో ఉండేది కాదు, గడ్డిబీళ్లలో బతికేది. బీళ్లు సాగులోకి వస్తే ఎటు పోవాలి? అక్కడ జీవావరణం ఉంది. ఈ రెండూ కలిపి, మన పల్లెల నుంచి వచ్చే పిల్లలకు అర్థమయ్యేలా ఇరవై నిమిషాలు బోర్డు దగ్గర చెప్పమను. మగవాటి పోట్లాట, ఆడజింక తన జతను ఎంచుకోవడం దగ్గర మొదలుపెట్టినవాళ్లను వదులుకోకు. నిర్వచనాలు అప్పజెప్పేవాళ్లు మనకు వద్దు.

పీహెచ్‌డీ నాటి ఫీల్డ్ నోట్‌బుక్ తెమ్మను. వానకు పని ఆగిన రోజులు, తప్పిన లెక్కలు కూడా రాసుకున్నారా చూడు. నేను సర్టిఫికెట్ల కన్నా దాన్నే నమ్ముతాను.

ఇక్కడ పదేళ్లు ఏం చేస్తారని అడిగితే అందరూ అమ్రాబాద్ అడవుల పులి అంటారు. అటవీశాఖ అనుమతికి నెలలు పడితే ఈలోపు ఏం చేస్తారో అడుగు. చెరువు కప్పలనో, కందిచేను పురుగులనో చూస్తామంటే మనసు పెట్టి విను. జన్యు పరీక్షలకు హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ల వన్యప్రాణుల ప్రయోగశాల లాకోన్స్ దగ్గరే ఉంది, ఆ సంగతి తెలిసినవాళ్లయితే ఇంకా మేలు.

వచ్చే ముగ్గురు సబ్జెక్టు నిపుణులూ చేపల పెంపకం వాళ్లే కాకుండా వీసీ గారికి ముందే విన్నవించు. పోస్టు ఏ రిజర్వేషన్ కిందికి వస్తుందో చెప్పే రోస్టర్ ఒకటికి రెండుసార్లు చూసుకో, కోర్టుకెక్కితే ఏళ్లు పడుతుంది.

చేరినవాళ్లకు మొదటి వానాకాలంలో పరీక్షల డ్యూటీలు తగ్గించు. చేరిన వారంలోనే కృష్ణా మండలం చేలకు తీసుకెళ్దాం, నేనూ వస్తాను. పొద్దున ఆరింటికి ముందే బయల్దేరాలి.

నీ సారు