అమ్మడూ, ముందు ఊపిరి వదలడం నేర్చుకో

చి॥ అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. రాజమండ్రి పూల్‌లో చేరి ఆర్నెల్లయినా రెండు లెంగ్తులు కొట్టేసరికి గోడ పట్టుకుని రొప్పుతున్నానని, ముప్ఫై ఆరేళ్లకి ఇక దమ్ము రాదేమోనని రాశావు. పెళ్లింట్లో పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా కాలు నిలవకుండా తిరిగేదానివి, నీకు దమ్ము లేకపోవడమేంటే! వయసంటావా, మన సామర్లకోట గోలి శ్యామల గారు 52వ ఏట విశాఖ నుంచి కాకినాడ దాకా సముద్రంలో ఈదుకుంటూ వచ్చారు. 150 కిలోమీటర్లు, రోజుకింత చొప్పున. 2025 జనవరిలో పేపర్లో చూసే ఉంటావు.

నాలాగా చిన్నప్పుడే కాలవలో నేర్చుకుని ఉంటే బాగుండేదన్నావు. అక్కడే పొరబడ్డావు. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాన్న రెండు ఎండు కొబ్బరికాయలు నడుముకి కట్టి రేవులో దింపాడు. అప్పట్నుంచీ నా ఈతంతా తల పైకెత్తే. పైగా కాలవలో సగం ఈత ప్రవాహమే ఈదిపెడుతుంది. నలభై ఏడేళ్లకి కాకినాడ పూల్‌లో ఫ్రీస్టైల్ మొదలెడితే 50 మీటర్లు పూర్తి చేయలేకపోయాను. తల లేస్తే నడుము కుంగుతుంది, నడుము కుంగితే కాళ్లు మునుగుతాయి. ముక్కు లేచిపోయి వెనక బరువు పడ్డ నావలా ఉండేది నా వాలకం. ఆ అలవాటు వదిలించుకోవడానికే ఏడాది పట్టింది. నీకు ఆ జబ్బు లేదు. అడుగున టైల్స్ మీద గీత చూస్తూ వెళ్లు, చాలు.

ఇక ఆయాసం. అది గాలి చాలక వచ్చేది కాదు, లోపలి గాలి బయటికి పోక వచ్చేది. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ బిగబట్టి, పక్కకి తిప్పిన ఆ అరక్షణంలోనే వదిలి, అందులోనే పీల్చుదామని చూస్తాం. కుదరదు. ముఖం నీళ్లలోకి వెళ్లగానే ముక్కుతో, నోటితో సన్నగా బుడగలు వదులుతూ ఉండు. తల తిప్పేసరికి పీల్చడమొక్కటే మిగలాలి. నేను పెరట్లో గాబు ముందు మోకాళ్ల మీద కూర్చుని, ముఖం ముంచి, బుడగలు వదిలి, పక్కకి తిప్పి పీల్చేవాణ్ణి. రోజుకి పది నిమిషాలు. మీ అత్తయ్య మొదటిరోజు చూసి బిందె కింద పడేసింది.

తర్వాతది నీకు నచ్చదు. నెమ్మదిగా ఈదు. మొదటి లెంగ్త్ ఎవరో తరుముతున్నట్టు కొడతావు, నేను చూశానుగా. కాళ్లు కూడా అంత దబదబా కొట్టక్కర్లేదు. తొడలవి పెద్ద కండరాలు, ఉన్న ప్రాణవాయువంతా అవే తినేస్తాయి. ఒక్కో బారకి ఒక్క తాపు చాలు. 25 మీటర్ల లెంగ్త్ ఒకటి కొట్టి, 20 సెకన్లు ఆగి, మళ్లీ ఒకటి. అలా ఎనిమిది. ఎనిమిదోదానికీ మొదటిదానికీ టైము దాదాపు ఒకటే రావాలి. వచ్చాక 50లు, తర్వాత 100లు. వారానికి మూడురోజులు అరగంట చొప్పున వెళ్లు, ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నానితే లాభం లేదు. నువ్వు ఈదాలనుకుంటున్న 1500 మీటర్లు అంటే ఇలాంటివి అరవై లెంగ్తులు.

బారలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకో. నాకు లెంగ్త్‌కి 27 పడేవి, ఏడాదికి 21కి దిగాయి. చెయ్యి భుజానికి ఎదురుగా నీళ్లలో పడాలి, తల ముందు నుంచి అవతలి భుజం వైపుకి పోకూడదు. నేను అలాగే అడ్డంగా వేస్తూ, అది చాలదన్నట్టు అరచేతులకి తగిలించుకునే ప్లాస్టిక్ పలకలు, ప్యాడిల్స్, కొనుక్కుని, భుజం నొప్పితో మూడు నెలలు చొక్కా తొడుక్కోలేకపోయాను. వాటి జోలికి ఇప్పుడే వెళ్లకు.

గోదారిలో ఈదుతానన్న మాట మాత్రం ఇంకోసారి ఎత్తకు. ఎర్రనీరు దిగినా సరే, లాకుల దగ్గర సుళ్లు పైకి కనిపించవు. కాలవలో అయినా ఒంటరిగా దిగొద్దు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం పట్టుకురా. గాబు ఇంకా అక్కడే ఉంది.

మీ మావయ్య