వెసికల్‌ల బదిలీని కొలవబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన చిత్రాలూ అందాయి. దాత కణాలు బయటికి వదిలే వెసికల్‌లకు, అంటే పొర చుట్టిన అతి చిన్న సంచులకు, ఎర్రని రంజకం పట్టించి, వాటిని అందుకునే గ్రహీత కణాలకు ఇచ్చి మర్నాడు చూస్తే ఆ కణాల లోపల ఎర్రని చుక్కలు కనిపించాయనీ, బదిలీ జరిగిందని నోటుబుక్కులో రాసుకోవచ్చా అనీ అడిగావు. ఇప్పుడే రాయవద్దు. ఎర్రగా వెలిగే పదార్థం ఏదో ఆ కణాల దగ్గరికి చేరిందన్నంత వరకే ఆ చిత్రం సాక్ష్యం చెబుతుంది. ఆ వెలుగును మోసుకొచ్చినది వెసికలేనా, వచ్చినది కణం లోపలికి వెళ్లిందా లేక పొర మీదనే అంటుకుని ఉందా, మరే దారిలోనైనా వచ్చే వీలు ఉందా అన్న ప్రశ్నలకు విడివిడిగా సమాధానం చెప్పగలిగినప్పుడే దానిని కొలత అనవచ్చు.

ముందుగా రంజకం సంగతి చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది శ్రమ వృథా అయ్యేది ఇక్కడే. నీవు వాడిన పీకేహెచ్26, దానితోపాటు డైఐ, డైఓ వంటివన్నీ కొవ్వు పొరలో ఇమిడిపోయే రంజకాలు. నీటిలో అవి విడివిడిగా నిలవలేక తమలో తాము ముద్దలు కడతాయి. ఆ ముద్దల పరిమాణం దాదాపు వెసికల్‌ల పరిమాణంలోనే ఉంటుంది కనుక అతి వేగంగా తిప్పే అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో వెసికల్‌లతో పాటే అడుగుకు దిగుతాయి, కణాలు వాటిని కూడా అంతే సులువుగా మింగుతాయి. నేను ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో ఎనిమిది నెలల పాటు చక్కని చుక్కలను లెక్కపెట్టాను. చివరికి వెసికల్‌లు లేని ఉప్పుద్రావణానికి అదే రంజకం కలిపి, అవే దశలు నడిపి, అవే కణాల మీద వేసినప్పుడు దాదాపు అన్నే చుక్కలు కనిపించాయి. ఆ ఎనిమిది నెలల ఫలితాల్లో ఒక్కటి కూడా మిగలలేదు. అందువల్ల వెసికల్‌లు లేకుండా రంజకం మాత్రమే ఉన్న కంట్రోల్‌ను, అంటే పోల్చి చూసే నమూనాను, అదే పరిమాణంలో, అదే సెంట్రిఫ్యూజ్ వేగంతో, అన్నిసార్లే కడిగి, ప్రతి ప్రయోగంలోనూ ఉంచు. ఒకసారి చేసి చూశాం కదా అని తరువాత మానేయవద్దు. ఈ రంజకాల అణువులు ఒక పొర నుంచి తాకుతున్న మరో పొరకు నేరుగా జారుకోగలవన్న సంగతి కూడా గుర్తుంచుకో. పరిమాణాన్ని బట్టి వేరుచేసే సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ గుండా పంపితే విడి రంజకం చాలావరకు తొలగుతుంది, కానీ వెసికల్ అంత పెద్ద ముద్దలు వెసికల్‌లతోనే కాలమ్ దాటి వస్తాయి.

దీనికంటే మెరుగైన దారి, దాత కణాల చేతనే వెలిగే ప్రొటీన్‌ను తయారు చేయించడం. సీడీ63, సీడీ9, సీడీ81 అనే పొర ప్రొటీన్‌లకు ఆకుపచ్చగా వెలిగే జీఎఫ్‌పీనో ఎర్రగా వెలిగే ఎంచెర్రీనో జతచేస్తే, కణం విడుదల చేసే వెసికల్‌లలో కొన్నిటికి ఆ గుర్తు పుట్టుకతోనే వస్తుంది. కొన్నిటికే అన్న మాట మరువవద్దు: ప్రతి వెసికల్ మీదా సీడీ63 ఉండదు, ఆ ప్రొటీన్‌ను మితిమీరి తయారు చేయిస్తే కణం ప్రవర్తన కూడా మారవచ్చు. ఏ వెలుగును ఎంచుకుంటావన్నది ఫలితాన్నే మార్చగలదు. జీఎఫ్‌పీ ఆమ్లంలో మసకబారుతుంది. మింగిన వెసికల్ చివరికి చేరే లైసోజోమ్‌లో, అంటే కణం సరుకును అరిగించే సంచిలో, పీహెచ్ 4.5 నుంచి 5 వరకు ఉంటుంది కనుక, అక్కడికి చేరిన జీఎఫ్‌పీ చాలావరకు కంటికి కనిపించకుండా పోతుంది. ఎంచెర్రీ ఆమ్లానికి తట్టుకుంటుంది, లైసోజోమ్ ఎంజైములకు కూడా చాలాసేపు లొంగదు. కాబట్టి ఒకే నమూనాలో ఆకుపచ్చ చుక్కలు తక్కువగానూ ఎర్ర చుక్కలు ఎక్కువగానూ కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. ఆకుపచ్చ ఈమధ్యనే వచ్చినవాటిని చూపుతోంది, ఎరుపు ఇప్పటిదాకా వచ్చి పోగుపడిన వాటన్నిటినీ చూపుతోంది. ఈ తేడాను తెలిసి వాడుకుంటే ఒకే ప్రయోగం నుంచి రెండు సంగతులు రాబట్టవచ్చు.

ఇక చుక్కలను లెక్కించే సంగతి. కాంతితో చూసే మామూలు మైక్రోస్కోప్‌కు ఒక హద్దు ఉందని 1873లో ఎర్నెస్ట్ అబ్బే చూపించాడు. ఎంత మంచి లెన్స్ పెట్టినా అడ్డంగా సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులు ఒకటిగానే కనిపిస్తాయి, నిలువు దిశలో ఆ హద్దు 500 నానోమీటర్లు దాటుతుంది. వెసికల్‌లలో చిన్న రకమైన ఎక్సోజోమ్‌లు 30 నుంచి 150 నానోమీటర్లే ఉంటాయి. పైగా కణం మింగిన వెసికల్‌లు మింగినవాటిని మొదట ఉంచే ఎండోజోమ్ అనే సంచులలో గుంపుగా చేరతాయి. కనుక నీ చిత్రంలోని ఒక చుక్క ఒక వెసికల్ కావచ్చు, పాతిక కావచ్చు. పట్టికలో 'వెసికల్‌ల సంఖ్య' అని రాయక 'కణానికి చుక్కల సంఖ్య' అనీ 'కణానికి మొత్తం వెలుగు' అనీ రెండు వరుసలుగా రాసుకో. రెండూ ఒకే దిశలో కదలని రోజు ఆగి కారణం వెతుకు.

లోపలా పైనా అన్నది తేల్చడానికి గ్రహీత కణం పొరకు వేరే రంగు వేసి, ఒక్కో లోతును విడిగా చూపే కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో అడుగు నుంచి పై వరకు పలుచని పొరలుగా చిత్రాలు తీసి, పక్క కోతలో చూడాలి. నిలువు దిశలో స్పష్టత తక్కువని చెప్పాను కదా, అందువల్ల పొరకు ఆనుకుని ఉన్న చుక్కలను కంటి చూపుతో తేల్చకు. అదే ప్రయోగాన్ని 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా నడుపు. ఆ చలిలో కణాలు మింగడం దాదాపు ఆపేస్తాయి కనుక, అక్కడ కనిపించే వెలుగు చాలావరకు అంటుకున్నదే అవుతుంది. చిత్రం తీయడానికి ముందు కొద్దిసేపు ప్రొటీన్‌లను కోసే ట్రిప్సిన్ ఎంజైముతోనో ఆమ్ల ద్రావణంతోనో కడిగి, ఆ కడుగుడు 4 డిగ్రీల నమూనాలోని వెలుగును నిజంగా తీసేస్తోందో లేదో ముందే పరీక్షించి ఉంచుకో.

దాత, గ్రహీత కణాలను కలిపి పెంచే ప్రయోగానికి వెళ్లినప్పుడు దారుల ప్రశ్న ఇంకా చిక్కుపడుతుంది. రెండు కణాల మధ్య సన్నని పొర గొట్టాలు ఏర్పడి వాటి గుండా సరుకు సాగిపోతుందని 2004లో వెల్లడైంది. పక్క కణం పొరను కొరికి ముక్క తీసుకునే కణాలున్నాయి, చచ్చిన దాత కణాల శిథిలాలను మింగేవీ ఉన్నాయి. 0.4 మైక్రోమీటర్ల రంధ్రాలున్న ట్రాన్స్‌వెల్ పొరతో రెంటినీ విడదీస్తే తాకిడి దారులు మూసుకుంటాయి. అయితే అక్కడ వెలుగు తగ్గినంత మాత్రాన బదిలీ అంతా తాకిడి వల్లనే అని తేల్చకు, దూరం పెరిగితే చేరే వెసికల్‌లు కూడా తగ్గుతాయి. చచ్చిన కణాలను గుర్తించే రంజకం ఒకటి తప్పక వేసి, వాటినీ వాటిని ఆనుకున్న కణాలనూ లెక్కలోంచి తీసేయి.

చాలామంది వదిలేసే కంట్రోల్ ఒకటి ఉంది, దానిని నేను సున్నా గంట ప్లేటు అంటాను. దాత కణాలనూ గ్రహీత కణాలనూ వేర్వేరుగా పెంచి, ఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరిచే ముందు మాత్రమే కలిపి చిత్రాలు తీయాలి. అక్కడ బదిలీకి సమయమే లేదు కనుక, కనిపించిన ప్రతి 'బదిలీ' ఒక రంగు వెలుగు మరో రంగును నమోదు చేసే చానెల్‌లోకి కారడమో, కణం సొంత వెలుగో, ఒకదానిమీద ఒకటి పడిన కణాలో అయి ఉంటుంది. నీ హద్దును, అంటే ఎంత వెలుగు పైన ఉంటే నిజమని ఒప్పుకుంటావో ఆ అంకెను, ఆ ప్లేటు చూసి నిర్ణయించు, తరువాత మార్చకు. లేజర్ బలం, గెయిన్ (అందిన వెలుగును పెంచి చూపే మోతాదు), పొరల మధ్య దూరం అన్ని ప్లేట్లకూ ఒకటే ఉండాలనీ, ఏ పిక్సెలూ నిండిపోకూడదనీ నీకు తెలుసు.

సీరం మాట మరిచాను. కణాలను పెంచే మీడియంలో కలిపే పశువు సీరంలో కూడా లెక్కలేనన్ని వెసికల్‌లుంటాయి, అవి నీవాటితో పోటీపడతాయి. ఆ సీరంను సెంట్రిఫ్యూజ్‌లో 1,00,000 జీ (భూమ్యాకర్షణకు లక్ష రెట్లు) వద్ద రాత్రంతా, సుమారు 18 గంటలు తిప్పి పైనున్నది మాత్రమే తీసుకో.

కాలంతో మారే ప్రయోగం చేస్తే గ్రహీత కణం విభజన చెందినప్పుడు చుక్కలు పిల్ల కణాలకు పంచుకుపోతాయని లెక్కలో పెట్టుకో, లేకపోతే 48 గంటలకు బదిలీ తగ్గిందని పొరబడతావు. సగటు ఒక్కటే చూడకు. కొన్ని కణాలు చాలా మింగి, ఎక్కువ కణాలు ఏమీ మింగకపోవడం ఈ పనిలో మామూలు. మూడు వందల కణాలను కొలిచినా ప్లేటు ఒక్కటైతే నీ దగ్గర ఉన్నది ఒక్క ప్రయోగమే. వేర్వేరు రోజుల్లో, వేర్వేరుగా తీసిన వెసికల్‌లతో కనీసం మూడుసార్లు చేసి, ఏ చిత్రం ఏ ప్లేటుదో తెలియకుండా పేర్లు దాచి లెక్కించు.

ప్రస్తుతానికి కొత్త ప్రయోగం ఏదీ మొదలుపెట్టకు. రంజకం మాత్రమే వేసిన ప్లేటూ, 4 డిగ్రీల ప్లేటూ ఈ వారం చేసి, కాంతి సర్దుబాటు చేయని అసలు ఫైళ్లే పంపు. వాటిని నీ మొదటి చిత్రాల పక్కన పెట్టి, ఆ చుక్కల్లో ఎన్ని మిగులుతాయో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ మేలు కోరే
గురువు