ఆ నోటుబుక్కు పక్కన పెట్టు, ముందు రసీదు అడుగు

పల్నాడు జిల్లా నుంచి ఒక అమ్మాయి ఆరు పేజీల ఉత్తరం రాసింది. పేరు వద్దంది, రాయను. పెళ్లయి 11 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, భర్తకి నరసరావుపేటలో మోటార్ వైండింగ్ షాపు, అంటే కాలిపోయిన బోరు మోటార్లకి మళ్లీ రాగి తీగ చుట్టే పని. చివరి పేజీలో ఆమె అడిగింది ఇది: "మా ఆయన తాగడు, కొట్టడు. అయినా నాకు సంతోషం లేదు. ఫోన్‌లో ఒక వీడియో చూసి, రోజూ పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు రాయడం మొదలుపెట్టాను. పదకొండో రోజుకి రాయడానికి ఏమీ దొరకలేదు, ఖాళీ పేజీ చూసి ఏడుపొచ్చింది. నాకు కృతజ్ఞత లేదంటుంది మా అమ్మ. దేవుడు ఇచ్చినదానితో తృప్తిపడటం ఎలా నేర్చుకోవాలి?"

అమ్మాయ్, నిన్ను నువ్వు అనే పిలుస్తాను, నా చిన్నకూతురి ఈడు నీది.

ముందు నీ ప్రశ్న సంగతి తేల్చేద్దాం. ఆ నోటుబుక్కు పిల్లలకి రఫ్ పుస్తకంగా ఇచ్చెయ్. అలా రాసుకోవడం చెడ్డపని అనడం లేదు, మనసు కుదురుగా ఉన్నవాళ్లకి బాగానే పనికొస్తుంది. కానీ మీ ఆయన నీ గొలుసు నీకు చెప్పకుండా బ్యాంకులో లక్షన్నరకి తాకట్టు పెట్టాడు, ఆ సంగతి నీకు రెండు నెలలుగా తెలుసు, తెలుసని ఆయనకి తెలియదు, ఇద్దరూ ఒకే మంచం మీద చెరో వైపు తిరిగి పడుకుంటున్నారు. ఈ పరిస్థితిలో మూడు మంచి విషయాలు రాయమంటే ఎవరు రాయగలరు? నీకు కృతజ్ఞత లేకపోవడం కాదు ఇది, గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది.

ఇంకోటి. "తాగడు, కొట్టడు" అన్న మాట నీ ఉత్తరంలో ఆరుసార్లు వచ్చింది. నీ మాటగా ఒక్కసారి, మిగతా అయిదుసార్లూ మీ అమ్మ మాటగా. తాగకపోవడం, కొట్టకపోవడం మగవాడు భార్యకి చేసే ఉపకారం కాదు. అది మనిషి మనిషిలా ఉండటం, అంతే. దానికి కృతజ్ఞత చెప్పుకుంటూ బతకమని కూతురికి నేర్పే తల్లులంటే నాకు ముందునుంచీ పడదు. ఆ మాట విన్న పిల్ల, ఇక ఏది అడిగినా అత్యాశే అనుకుంటుంది. నువ్వు ఈ రెండు నెలలూ అడగకుండా ఉన్నది అందుకే.

అయితే నాకు నీ భర్త కంటే ఎక్కువగా కనిపించింది మీ అమ్మే. కోపం తెచ్చుకోకుండా చదువు.

రెండో పేజీలో రాశావు: రోజూ సాయంత్రం నాలుగింటికి, పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు అమ్మతో మాట్లాడతాను, అది లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది అని. ఆయన ఎన్నింటికి వచ్చాడు, ఏమన్నాడు, ఎంత ఇచ్చాడు, అన్నీ చెబుతావు. నాలుగో పేజీలో, ఏ సంబంధమూ లేనట్టు, ఇంకో సంగతి రాశావు. రెండేళ్ల క్రితం మీ అన్నయ్య గృహప్రవేశంలో బంతిలో అందరూ భోంచేస్తుంటే మీ అన్నయ్య వచ్చి, "రైతుల దగ్గర అరవై వేలు ఇరుక్కున్నాయంటగా బావా, ఇంకెన్నాళ్లు ఆ తీగలు చుట్టుకుంటూ కూర్చుంటావ్, హైదరాబాద్ వచ్చెయ్, మా ఆఫీసులో సెక్యూరిటీ ఉద్యోగమైనా ఇప్పిస్తా" అన్నాడని. మీ ఆయన ఏమీ అనకుండా విస్తరి మడిచి లేచాడని. ఆ తర్వాత మీ పుట్టింట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదని. "అప్పటినుంచే ఆయన మారిపోయాడు, ఇంట్లో నోరు విప్పడు" అని నువ్వే రాశావు.

ఆ అరవై వేల సంగతి మీ అన్నయ్యకి ఎవరు చెప్పారు?

పంట డబ్బులు రాగానే ఇస్తామన్న రైతులు ఇవ్వలేదని ఆయన నీతో చెప్పుకున్నాడు. నువ్వు నాలుగింటికి అమ్మకి చెప్పావు. అమ్మ కొడుక్కి చెప్పింది. కొడుకు బంతిలో నిలబడి బావకి చెప్పాడు. ఆ రోజు విస్తరి ముందు కూర్చున్న మనిషికి అర్థమైంది ఒక్కటే, నా పెళ్లాం చెవిలో వేసిన మాట నలుగురిలో నా మొహం మీదికి తిరిగొస్తుంది అని. ఆ తర్వాత పిల్లల ఫీజులకీ రాగి తీగకీ డబ్బు కావలసి వచ్చినప్పుడు ఆయన నీతో ఎందుకు చెబుతాడు? నువ్వు చేసింది ద్రోహం కాదమ్మా, ఆడపిల్ల అమ్మకి చెప్పుకోక ఎవరికి చెప్పుకుంటుంది. కానీ ఫలితం మాత్రం ఇదీ.

నా సంగతి చెబుతాను. 1983లో పెళ్లయింది నాకు, మా ఆయనకి మార్కాపురంలో టీచరు ఉద్యోగం, మా అమ్మ బాపట్లలో. నాతో ఒక్క మాట అనకుండా మా మరిదికి ఫీజు డబ్బులు పంపించేశాడని మండిపోయి నీలం ఇన్‌లాండ్ కవరు నిండా రాశాను, చోటు చాలక మడతపెట్టే అంచు మీద కూడా రాశాను. అది బాపట్ల చేరడానికి నాలుగు రోజులు, అమ్మ జవాబు రావడానికి ఇంకో నాలుగు రోజులు. ఈలోగా మేం పోట్లాడుకున్నాం, రెండు పూటలు మాట్లాడుకోలేదు, మూడో పూట ఆయనే లెక్క రాసి చూపించాడు, ఇక ముందు అడక్కుండా పంపనన్నాడు. అమ్మ జవాబు వచ్చేసరికి ఇంట్లో ఆ గొడవే లేదు. ఉత్తరం తీసుకుంది ఆయనే, విప్పి చదివిందీ ఆయనే. "అల్లుడి సంగతి మీ నాన్నతో మాట్లాడిస్తాను" అని ఉంది అందులో. ఆయన ఏమీ అనకుండా నా చేతికిచ్చి స్కూలుకి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తే. నీకు ఆ ఎనిమిది రోజుల గడువు లేదు. పొద్దున జరిగింది సాయంత్రం నాలుగింటికల్లా అమ్మ చెవిలో ఉంటుంది, మీ ఇద్దరి మధ్య సర్దుకునేలోపే అది మూడో మనిషి కోపం అయిపోతుంది.

అలాగని మీ ఆయన చేసింది తప్పు కాదని అనడం లేదు. తప్పే. నాలుగు సవర్ల గొలుసు మీ నాన్న నీకు పెట్టింది. అవమానం జరిగిందని చెప్పి భార్య బీరువాలోంచి ఆమె సొమ్ము తీసుకెళ్లే హక్కు ఎవరికీ లేదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కేరళ దంపతుల కేసు ఒకటి తేల్చింది, పెళ్లయిన మొదటి రాత్రే భద్రంగా దాస్తామని తీసుకున్న 89 సవర్ల బంగారం గురించి. స్త్రీధనం భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి కాదు, కష్టకాలంలో భర్త వాడుకున్నా ఆ వస్తువునో దాని విలువనో తిరిగి ఆమెకి ఇవ్వాల్సిన బాధ్యత అతనిదే అని చెప్పి, భర్త 25 లక్షలు ఇవ్వాలని తీర్పిచ్చింది. నిన్ను కోర్టుకి వెళ్లమని చెప్పడం లేదు, మీది ఆ దాకా వెళ్లే కాపురం కాదు. "నా గొలుసు గురించి అడగడం బాగుంటుందా" అని రాశావు చూడు, ఆ సందేహం వదులుకోవాలని చెబుతున్నాను. బాగుంటుంది. అడగాలి. అడగకుండా లోపల కుళ్లిపోవడం సహనం కాదు.

అయిదో పేజీలో ఒక ఫిర్యాదు రాశావు, దాన్ని నేను మూడుసార్లు చదివాను. "రాత్రి పదిన్నరకి వస్తాడు, ఒళ్లంతా వార్నిష్ వాసన. లైటు కూడా వేయకుండా వంటింట్లో నిలబడే తింటాడు. కంచం తనే కడుక్కుంటాడు, కుళాయి సన్నగా తిప్పి, చప్పుడు కాకుండా. వచ్చి పడుకుంటాడు. నాతో మాట లేదు." నిన్ను పట్టించుకోని మనిషి కుళాయి సన్నగా తిప్పడు. అది నీ నిద్ర చెడగొట్టకూడదనుకున్న మనిషి చేసే పని, నీ ఎదుటికి రావడానికి మొహం చెల్లని మనిషి చేసే పని కూడా. రెండూ చేసేవి అవే చేతులు. ఇంకొకటి గమనించు, బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిందన్నావు, అంటే గొలుసు వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టలేదు. అక్కడైతే లక్షన్నరకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి మూడు వేలు, ఏడాదికి 36 వేలు, గొలుసు ఇక తిరిగి రాదు. ఆయన అంత తెగించలేదు. విడిపించాలనే పెట్టాడు. దీన్ని నోటుబుక్కులో మంచి విషయంగా రాసుకోమని నేననను, ఆయన నోటితో ఆయన చెప్పేదాకా అది సగం విషయమే.

నువ్వు డ్వాక్రా గ్రూపులో రెండో లీడర్‌వి. పది మంది పొదుపు, అప్పు, వాయిదా, పైసా తేడా రాకుండా మినిట్స్ పుస్తకంలో రాస్తానని ఎంత గర్వంగా రాశావో. అలాంటిదానివి మీ ఇంటి అప్పు సంగతి భర్త ఫోన్ మీద వెలిగిన మెసేజ్ చూసి తెలుసుకోవడం ఏంటమ్మా? సాగర్ కుడి కాలువకి నీళ్లు బాగా వచ్చినప్పుడు బోరు మోటార్లు కాలవు, మోటార్లు కాలకపోతే షాపులో పని ఉండదు, ఊరంతా సంతోషంగా ఉన్న ఏడాదే మీకు కష్టం. ఈ లెక్క ఆయన తలలో ఒక్కడే మోస్తున్నాడు. రాగి తీగ ఎంతకి కొంటున్నాడు, ఒక మోటారుకి ఎంత పడుతుంది, ఎవరు ఎంత బాకీ, నీకు ఏదీ తెలియదు. లెక్క తెలియని ఇంట్లో ఆశ ఎక్కడినుంచి వస్తుంది? ఎంత అప్పుందో తెలిస్తేనే కదా ఎన్నాళ్లలో తీరుతుందో తెలిసేది.

ఒక్క మాట దగ్గర ఆగాలి. చివరి పేజీ అంచున, అడ్డంగా, చిన్న అక్షరాలతో రాశావు, రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది, నేను లేకపోతే ఎవరికి తేడా అనిపిస్తోంది అని. ఇది నేను ఉత్తరంలో తీర్చే సంగతి కాదు. 14416కి ఫోన్ చెయ్, టెలిమానస్ అంటారు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టింది, డబ్బులు పడవు, రాత్రి రెండింటికి కూడా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. సిగ్గుపడకు. ఈ రాత్రి మళ్లీ అలా అనిపిస్తే పొద్దున దాకా ఆగకు, ఆయన్ని తట్టి లేపు. లేపితే ఏమనుకుంటాడో అని ఆలోచించకు.

ఇక అమ్మ సంగతి. ఫోన్ మానెయ్యమని చెప్పను. మీ నాన్న పోయాక ఆమెకి ఆ నాలుగింటి ఫోనే రోజంతటికీ ఆసరా అని నువ్వే రాశావు, కూతురుగా అది నీ బాధ్యత. ఆమె మోకాళ్ల నొప్పి అడుగు, పెరట్లో గోంగూర ఎలా ఉందో అడుగు, పిల్లల మార్కులు చెప్పు. ఆయన జేబు సంగతి మాత్రం చెప్పకు. అడుగుతుంది, పదిరోజులు రోజూ అడుగుతుంది. "మేం చూసుకుంటున్నాంలే అమ్మా" అను, అంతకంటే ఒక్క ముక్క వద్దు. అలుగుతుంది. అలగనీ. మీ అన్నయ్యతో కూడా ఒకసారి నువ్వే మాట్లాడాలి, బావని ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది అని. ఇది మీ ఆయన అడిగితే కాదు, ఆయన అడగడు. నువ్వు నీ అంతట నువ్వే అనాలి.

ఆదివారం మధ్యాహ్నం షాపు మూసేస్తాడన్నావు కదా. పిల్లల్ని పక్కింటికి పంపు. ముందు నీ వైపు తప్పు చెప్పు, అరవై వేల సంగతి అమ్మతో అన్నది నేనే, ఇక మన ఇంటి డబ్బు మాట ఈ గడప దాటదు అని. ఆయన తల దించుకున్నా, లేచి వెళ్లబోయినా, నువ్వు గొంతు పెంచకు. తర్వాత అడుగు, గొలుసు రసీదు ఎక్కడుంది, తీసుకురా, ఇద్దరం చూద్దాం అని. ఈ వరస తప్పకు, ముందు గొలుసు ఎత్తితే ఆయనకి మళ్లీ ఆ బంతే గుర్తొస్తుంది.

ఇద్దరూ కూర్చుని డ్వాక్రా పుస్తకం లాంటిదే ఒకటి ఇంటికి మొదలుపెట్టండి, రాసేది నువ్వు, చెప్పేది ఆయన. ఎవరెవరు బాకీ ఉన్నారో ముందు రాయించు. మిర్చి అమ్ముకున్న రైతుల దగ్గరికి ఆయన మొహమాటపడితే నువ్వు వెంట వెళ్లు, ఆడమనిషి గుమ్మంలో నిలబడితే కాదనడం కష్టం. గొలుసు విడిపించే తొందరలో గ్రూపులో కొత్త అప్పు మాత్రం తీసుకోకు.

రసీదు దొరకగానే దాని మీద గడువు తేదీ చూడు. చాలా బ్యాంకుల్లో బంగారం అప్పుకి ఏడాదే గడువు, ఆ లోపు వడ్డీ కట్టి తిరగరాయించుకోకపోతే నోటీసులు మొదలవుతాయి. ఆ తేదీ ఏంటో, ఆయన ఏమన్నాడో నాకు రాయి. రెండు ముక్కలైనా చాలు, ఎదురుచూస్తుంటాను.