పాఠకుల ప్రశ్నలు: సేఫ్టీ గ్లాసెస్‌కి ఆవిరి పట్టేస్తుంటే ఏం చేయాలి?

ప్రశ్న: పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. పిక్కలు ఉడికించే చోటా, కటింగ్ దగ్గరా అందరికీ సేఫ్టీ గ్లాసెస్ ఇచ్చాం. కాసేపటికే ఆవిరి పట్టేసి ఏమీ కనబడట్లేదని నుదుటి మీదకి తోసేసుకుంటున్నారు. ప్యాకెట్ మీద యాంటీ ఫాగ్ అని చూసే కొన్నాం. అసలు ఏవి కొనాలి?
– ఒక పాఠకుడు, కాశీబుగ్గ

జవాబు: ముందు వాళ్లని కోప్పడకండి. కటింగ్ మెషిన్ దగ్గర కళ్లు కనబడకపోతే వేళ్లకే ప్రమాదం కాబట్టి ఎవరైనా అద్దాలు తీసేస్తారు. కానీ పిక్క చీలేటప్పుడు చిమ్మే జీడి రసం చర్మం మీద పడితేనే పొక్కులు లేస్తాయి, ఇక కంట్లో పడితే ఎంత ప్రమాదమో మీకు తెలుసు. ఆవిరి పట్టే అద్దాలు ఇచ్చామంటే కంటికి రక్షణ ఇవ్వనట్టే లెక్క.

ప్యాకెట్ మీది మాట నమ్మకండి, లెన్స్ మీదా ఫ్రేమ్ మీదా ఏం ముద్ర ఉందో చూడండి. యూరప్ ప్రమాణం ఇఎన్ 166 ప్రకారం చేసినవైతే, ఆవిరి పరీక్షలో నెగ్గిన లెన్స్ మీద ‘ఎన్’ అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది, సన్నటి దుమ్ము రాపిడికి తట్టుకునేదైతే ‘కె’ ఉంటుంది. రెండూ ఉన్నది దొరికితే అదే తీసుకోండి, ఎందుకంటే ఆవిరి పట్టకుండా లెన్స్ మీద వేసే పూత, అదే కోటింగ్, గీతలు పడితే ఎక్కువ కాలం పనిచేయదు. మన దేశ ప్రమాణం ఐఎస్ 5983, అది కూడా అడగండి. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. ‘ఎన్’ ముద్ర రావాలంటే వేడి నీటి ఆవిరి మీద లెన్స్ కనీసం 8 సెకన్లు మసకబారకుండా ఉంటే చాలు. అంటే షిఫ్ట్ అంతా బాయిలర్ పక్కన నిలబడేవాళ్లకి ఆ ముద్ర ఒక్కటే సరిపోదు.

అందుకే రెండు చోట్లకీ ఒకే రకం కొనకండి. ఉడికించే దగ్గర మూత తీయగానే ఆవిరి మొహం మీదకే వస్తుంది, వేడి నీళ్లు చిందుతాయి. అక్కడ కళ్ల చుట్టూ మూసుకునే గాగుల్స్ కావాలి, గాలి రంధ్రాలు నేరుగా కాకుండా మూత కింద నుంచి వంకరగా పోయే రకం, దాన్ని ఇన్‌డైరెక్ట్ వెంట్ అంటారు. నేరుగా రంధ్రాలున్నవాటికి ఆవిరి తక్కువ పడుతుందన్నది నిజమే గానీ, చిందినది కూడా అందులోంచే లోపలికి పోతుంది. కటింగ్ దగ్గర బయటి ఆవిరి తక్కువ, అక్కడ మసకకి కారణం చెమటా, ముక్కుకి కట్టుకున్న గుడ్డ పైనుంచి వచ్చే ఊపిరీ. ముక్కు దగ్గర నొక్కితే అతుక్కుని ఉండే తీగ ఉన్న మాస్క్ ఇచ్చి చూడండి, సగం ఇబ్బంది అక్కడే తగ్గుతుంది. మొత్తం ఆర్డర్ పెట్టే ముందు రెండు మూడు రకాలు తెప్పించి, పనిచేసేవాళ్లకే ఒక షిఫ్ట్ పెట్టుకోమనండి. వాళ్లు వద్దన్నది ఎంత మంచి ముద్ర ఉన్నా కొనొద్దు.

ఇంకొకటి, చీర కొంగుతో పొడిగా తుడవడం ఆపించండి. చాలా కోటింగ్‌లు పోయేది అలాగే. నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. స్పిరిట్, శానిటైజర్ తగలనీయొద్దు. అద్దాలున్నా సరే కంట్లో రసం పడిందంటే నలపకుండా శుభ్రమైన పారే నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కటింగ్ షెడ్‌లోనే కుళాయి ఉండేలా చూడండి.

ప్రశ్న: టెక్కలి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో చేస్తాను. నాకు పవర్ అద్దాలున్నాయి. అవే చాలవా? పైన ఇంకోటి పెడితే రెండింటికీ ఆవిరి పడుతోంది.
– ఒక పాఠకుడు

జవాబు: చాలవు తమ్ముడూ. మామూలు పవర్ అద్దాలు ఎగిరొచ్చే రాతి ముక్కని ఆపడానికి చేసినవి కావు, పక్కల నుంచి కూడా ఖాళీనే. పైన పెట్టుకునే రకం వాడితే మధ్యలో గాలి చిక్కుకుని నువ్వు చెప్పినట్టే అవుతుంది. వీలైతే నీ పవర్‌తోనే పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ సేఫ్టీ గ్లాసెస్ చేయించుకో, పక్క కవచాలతో. ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ ముక్కలు ఎగిరే పనుల్లో యజమాని తగిన గాగుల్స్ ఇవ్వాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ ఏనాడో చెప్పింది, కాబట్టి మొహమాటపడకుండా మేనేజర్‌ని అడుగు.

ప్రశ్న: పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో ఉద్యోగం. ఏసీ గదిలోంచి బయటకి రాగానే గాగుల్స్ మొత్తం తెల్లగా అయిపోతాయి. సబ్బు రాస్తే పోతుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: చల్లబడిన లెన్స్‌కి మన సముద్రతీరపు తేమ గాలి తగలగానే నీటి బిందువులు పట్టేస్తాయమ్మా, లెన్స్ వేడెక్కేదాకా అంతే. కోటింగ్ లేని లెన్స్‌కి సబ్బు పల్చగా రాస్తే కాసేపు పనిచేస్తుంది. కోటింగ్ ఉన్నదానికి మాత్రం రాయొద్దు, టూత్‌పేస్ట్ అసలే వద్దు, గీతలు పడతాయి. అద్దాల కంపెనీ చెప్పిన యాంటీ ఫాగ్ స్ప్రే ఉంటే అదే వాడండి. తలుపు దాటాక మసక పోయేదాకా ఒక పక్కన నిలబడండి, ఆ మసకలో మెట్లు దిగొద్దు. రసాయనాలున్న చోట మాత్రం తుడుచుకోవడానికని కూడా గాగుల్స్ తీయొద్దు.