డీఓ-1 వచ్చిందన్నావు కదా, కాస్త ఆగు

తిరుపతి, బైరాగిపట్టెడ

అమ్మణ్ణీ,

పీ53ని (కణాలను క్యాన్సర్ వైపు పోనివ్వని ప్రోటీన్) పట్టుకునే యాంటీబాడీ డీఓ-1 వచ్చిందని నిన్న ఫోన్‌లో ఎంత సంబరంగా చెప్పావో! రేపే రొమ్ము క్యాన్సర్ శాంపిళ్ల మీద వేసేస్తానన్నావు చూడు, అక్కడ నాకు గుబులు పట్టుకుంది. పేషెంట్ల కణజాలం ముక్కలు మళ్లీ మళ్లీ దొరకవు. ముందు అది పట్టుకునేది పీ53నేనా అన్నది నీ ల్యాబ్‌లో నువ్వే తేల్చుకో.

ల్యాబ్‌లో పెంచే హెచ్1299 అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో పీ53 ఉండదు, ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల్లో మామూలు పీ53 ఉంటుంది. రెండూ పక్కపక్కన వేసి వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో బరువును బట్టి విడదీసి, పొర మీదికి దించి యాంటీబాడీతో వెతకడం) చెయ్యి. లేనిచోట కూడా అదే ఎత్తులో బ్యాండ్ వచ్చిందంటే నువ్వు చూస్తున్నది పీ53 కాదు. ఎంసీఎఫ్-7లో పల్చగా వస్తే కంగారుపడకు. ఎండీఎం2 అనే ప్రోటీన్ మామూలు పీ53ని ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తూ ఉంటుంది. డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందుతో డీఎన్‌ఏను దెబ్బతీస్తే ఆ నాశనం తగ్గి బ్యాండ్ చిక్కబడాలి. అది చూసేదాకా నేనైతే నమ్మను.

పీ53 బ్యాండ్ 53 కిలోడాల్టన్ల దగ్గర వస్తుంది కానీ, 393 అమైనో ఆమ్లాల అసలు బరువు 44 కిలోడాల్టన్ల లోపే. ప్రోలిన్లు ఎక్కువున్న భాగం వల్ల జెల్‌లో నెమ్మదిగా నడుస్తుంది. పేరేమో ఆ తప్పు బరువుతోనే స్థిరపడిపోయింది!

మోనోక్లోనల్ (అన్నీ ఒకే రకం యాంటీబాడీలు) కాబట్టి డీఓ-1 ఒక్కచోటే పట్టుకుంటుంది, ప్రోటీన్ మొదట్లో 20 నుంచి 25వ అమైనో ఆమ్లం దాకా ఉన్న ముక్కను. ఆ మొదలు లేని పొట్టి రూపాలు దానికి కనబడవు. ఇక కణితి ముక్కకు ఈ యాంటీబాడీతో రంగు వేసినప్పుడు, స్లైడ్ మీద కణాల కేంద్రకాలు ముదురు గోధుమరంగులో నిండితే చాలాసార్లు మ్యుటేషన్ ఉన్నట్టే, ఎందుకంటే చెడిన పీ53 పేరుకుపోతుంది. అసలు రంగే రాకపోతే మాత్రం 'నార్మల్' అని రాసేయకు. ప్రోటీన్ మధ్యలోనే తెగిపోయే మ్యుటేషన్లలోనూ చాలాసార్లు కణితి కణాల్లో రంగు రాదు. పక్కనున్న మామూలు కణాల్లో అక్కడక్కడా లేతరంగు ఉందో లేదో చూడు. అదీ లేకపోతే స్టెయినింగే సరిగా జరగలేదు, యాంటీబాడీకి చోటు తెరుచుకోవడానికి సిట్రేట్ బఫర్‌లో ఉడికించిన దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టు.

ఎలుక కణితుల మీద వాడదామని ఎవరన్నా అంటే వద్దను. డీఓ-1 ఎలుక పీ53ని గుర్తించదు. పైగా అది ఎలుక యాంటీబాడీ కాబట్టి, నీ సెకండరీ (ఎలుక యాంటీబాడీని పట్టుకుని జాడ చూపించే రెండో యాంటీబాడీ) ఆ కణజాలంలోని యాంటీబాడీలకే అంటుకుంటుంది.

నా ఘనకార్యం ఒకటి చెప్తా, నవ్వకు. పాడవకూడదని హెచ్‌ఆర్‌పీ అనే ఎంజైమ్ తగిలించిన సెకండరీలో సోడియం అజైడ్ కలిపాను. బ్యాండ్ కనబడేలా చేసేది ఆ ఎంజైమే. అజైడ్ ఆ ఎంజైమ్‌ను పనిచేయనివ్వదు. పది రోజులు బ్యాండ్లే లేవు. యాంటీబాడీని తిట్టుకుని, కొత్త వయల్ కూడా తెప్పించాను!

వయల్‌ను ఇవాళే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచు, లాట్ నంబర్ రాసిపెట్టు. ఈసారి ఆర్డర్ సోమ, మంగళవారాల్లో చేరేలా చూసుకో. శుక్రవారం సాయంత్రం వచ్చిన పార్సిల్ మన ఎండలో సోమవారం దాకా గేటు దగ్గర పడుంటే ఐస్ ప్యాక్‌లు ఏపాటి?

బ్లాట్ అయ్యాక ఫొటో పంపు. నీకు కావాల్సిన బ్యాండ్ ఒక్కటే కత్తిరించి కాదు, మొత్తం పొర.

నీ పెద్దమ్మ